శివారు గది

గోదావరి డెల్టాలో వ్యవసాయము చేయువారికి 'శివారు' అను మాట మిక్కిలి పరిచితమైనది. ఆనకట్టకడ బయలుదేరిన నీరు పెద్ద కాలువలోనికిని, అందుండి చిన్న కాలువలోనికిని, అందుండి పంట బోదెలలోనికిని ప్రవహించి తుట్టతుదకు చేరు పొలము శివారు పొలము. కాలువ మొదట నున్నవాని చేను పచ్చగా కళకళలాడుచుండును. శివారు రైతు చేత పార పట్టుకొని, రాత్రియంతయు గట్టుమీద కూర్చుండి నీటికొరకు ఎదురుచూచును. ధవళేశ్వరమునొద్ద కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852వ సంవత్సరమున పూర్తియైనది. కాలువలు త్రవ్వబడినవి, సీమ సస్యశ్యామల మైనది. అయినను శివారు రైతు చింత మాత్రము పూర్తిగా తీరలేదు.

ఇండ్లలోను శివారు లుండును. కొందరి ఇండ్లలో నది మేడమీది గది. కొందరి ఇండ్లలో తోటలోని కొట్టు. మరికొందరి ఇండ్లలో నడవకు ఆవల నున్న వంటిల్లు. పూర్వము దీపపు వెలుగు చేరని చోటు శివారు. తరువాత కొళాయినీరు చేరని చోటు శివారయ్యెను. ఈ కాలమున వైఫై చేరని గది శివారగుచున్నది. వెలుగు లేని గదిలోనికి మనుష్యులు దీపము పట్టుకొని పోయెడివారు. వైఫై లేని గదిలోనికి పోవుటయే మానుకొనుచున్నారు. కోనసీమలోని ఒక ఇంట జరిగిన సంగతి దీనికి తార్కాణము.

ఆ ఇల్లు కాలువగట్టున నున్న ఒక గ్రామమునందలిది. వీధివైపున పెద్ద హాలు, దాని వెనుక రెండు గదులు, వంటిల్లు, ఆ వెనుక పొడవైన వసారా. గోడలు పాతకాలపువి, ఇటుకయు సున్నమును చేర్చి మూరెడు మందమున కట్టినవి. వసారా దిగినంతనే పెరడు. పెరటిలో పశువులసాల, నుయ్యి, అరటి గుబురులు, కొబ్బరిచెట్లు. అన్నింటికిని ఆవల, ఇంటికి సుమారు నలుబది మీటర్ల దూరమున ఒక పెంకుటి గది. ఒకప్పుడది ధాన్యము నిలువచేయు కొట్టు. భార్య గతించిన పిమ్మట తాతగారు తమ పుస్తకములను, మంచమును అందులోనికి చేర్చుకొని అక్కడనే నివసించుచుండిరి. వారు ముప్పదియైదేండ్లు ఉన్నత పాఠశాలలో గణితము బోధించి విశ్రాంతి పొందినవారు.

సాయంకాల మగుసరికి మనుమరాలును మనుమడును పుస్తకములు చంక నిడుకొని పెరటి గదికి పరుగెత్తెడివారు. మొదట లెక్కలు, లెక్కలు పూర్తియైన పిదప భారతకథలు. పిల్లలు వంతులవారీగా బిగ్గరగా చదువుచుండగా తాతగారు కఠినపదములకు అర్థము చెప్పెడివారు. చదువు ఆపిన చోట పుట అంచున పెన్సిలుతో ఆనాటి తేదీ వేయుట వారి అలవాటు. వినుచు వినుచు నిద్రపోయిన మనుమని తండ్రి భుజముపై వేసికొని ఇంటిలోనికి తెచ్చెడివాడు.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలి పాఠశాలలు మూతపడెను. పాఠములు సెల్ ఫోనులో వచ్చుట మొదలయ్యెను. అందుకొరకు తండ్రి ఇంటికి ఫైబరు తీగ వేయించి, హాలులో రౌటరు అను పెట్టెను పెట్టించెను. పిల్లలిద్దరును దినమంతయు ఆ పెట్టె చెంతనే కూర్చుండవలసి వచ్చెను. కొంతకాలమునకు పాఠశాలలు మరల తెరవబడినవి గాని, పిల్లలు హాలు విడువలేదు. పాఠములు, ఆటలు, పాటలు, స్నేహితుల మాటలు అన్నియు ఆ పెట్టె చుట్టునే తిరుగుచుండెను. తాతగారిని ఒంటరిగా వదలవలెనని ఎవ్వరును తలపలేదు. నీరు పల్లమునకు పారినట్లు మనుష్యులు వైఫై ఉన్న చోటికి చేరిరి, అంతియే. పెరటి గదిలో రెండు పీటలు గోడకు చేరవేయబడి యుండెను.

తాతగారి కుమార్తె అమెరికాలో నుండెను. అక్కడ తెల్లవారునప్పుడు ఇక్కడ ప్రొద్దు గ్రుంకును. ఆమె సాయంకాలము ఫోనులో కనబడి మాటలాడెడిది. పెరటి గదిలో ఆ మాట ముక్కలు ముక్కలుగా వినబడుచుండుటచే, తాతగారు కఱ్ఱ ఊతగా హాలునకు నడచి వచ్చెడివారు. శ్రావణమాసమున ఒకనాటి రాత్రి వాన కురియుచుండెను. మాటలు ముగించుకొని తిరిగి పోవుచు వారు నూతి ప్రక్కనున్న నాచుపట్టిన రాతిపై కాలుజారి పడిరి. ఎముక విరుగలేదు గాని మడమ బెణికెను. పది దినములు మంచము దిగలేదు. ఆ పది దినములును కుమార్తె ముఖము చూచుటకు వీలుకాలేదు.

"నాన్నగారూ, ఇకమీదట మీరు ఇంటిలోని గదిలోనే పడుకొనుడు" అని కుమారుడు ప్రార్థించెను.

"నాయనా, నా పుస్తకము లా గదిలో పట్టవు. అవి లేని చోట నాకు నిద్ర పట్టదు" అని తాతగారు బదులు చెప్పిరి. గది కిటికీకి ఎదుట బామ్మగారు నాటిన అరటి గుబురు కలదు. ఆ సంగతి వారు చెప్పలేదు. చెప్పకయే అందరకును తెలియును.

ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలు ఈ మాటలు వినుచుండెను. తాతగారు వైఫై కడకు రానక్కరలేదు. వైఫైని తాతగారి కడకు చేర్చినచో చాలును గదా అని ఆమెకు తోచెను. తండ్రియు సరే యనెను.

మొదట తండ్రి పట్టణమునకు పోయి, నాలుగు కొమ్ముల వంటి ఏంటెన్నాలు గల ఖరీదైన క్రొత్త రౌటరును కొని తెచ్చెను. హాలులో దానిని పెట్టిన పిదప పెరటి గదిలో ఫోనుపై ఒక గీత అదనముగా కనబడెను. అందరును సంతోషించిరి. కాని అత్త మాటలాడునప్పుడు ఆమె మాట ఇక్కడ కొంతకొంత వినబడినను, ఇక్కడి మాట ఆమెకు వినబడదయ్యెను. కారణము సులభమైనదే. వైఫై ఒకరు చెప్పగా వేరొకరు వినునట్టి రేడియో ప్రసంగము కాదు, అది సంభాషణము. రౌటరు ఎంత బిగ్గరగా పలికినను, చేతిలోని ఫోను చిన్న గొంతుతోనే బదులు పలుకవలెను. వీధి అరుగుమీద నిలిచి కేకవేయువాని కేక పొలమునకు వినబడవచ్చును. పొలములోని పసివాని మాట అరుగునకు వినబడదు. అదియునుగాక, ఇట్టి యంత్రములు ఎంత శక్తితో ప్రసారము చేయవలెనో చట్టము మితి విధించినది. ఖరీదు పెరిగినంత మాత్రమున ఆ మితి పెరుగదు.

రెండవసారి మనుమరాలు తాను కూడబెట్టిన డబ్బుతో రిపీటరు అను చిన్న పరికరమును తెప్పించెను. అది రౌటరునుండి సంకేతమును గ్రహించి మరల తన నోట పలుకును. దానిని ఆమె పెరటి గదిలో తాతగారి మంచము ప్రక్క గోడకు తగిలించెను. వెంటనే ఫోనుపై గీతలన్నియు నిండుగా వెలిగెను. ఆమె చప్పట్లు కొట్టెను. కాని అత్త ముఖము తెరపై నిలిచిపోయెను, మాట రాలేదు. గీతలు నిండుగా నుండగా మాట ఏల రాదో ఆమెకు బోధపడలేదు. కండ్లలో నీరు తిరిగెను.

తాతగారు ఆమెను దగ్గర కూర్చుండబెట్టుకొనిరి. "అమ్మా, శివారు పొలమునకు నీరు చాలనప్పుడు రైతు ఏమి చేయును? తన చేనిలో క్రొత్త తూము కట్టుకొనునా?" అని అడిగిరి.

"కట్టిన నేమి లాభము తాతయ్యా? బోదెలో నీరుండవలెను గదా!"

"నీవు చేసిన పని అదియే. ఈ పరికరము నా గదిలో చక్కగా పలుకుచున్నది. కాని హాలులోని మాట దీని చెవికే సరిగా చేరుట లేదు. వినని వాడు ఏమి చెప్పగలడు? గీతలు చూపునది ఫోనునకును దీనికిని నడుమ గల మార్గమును మాత్రమే. దీనికిని రౌటరునకును నడుమ గల మార్గమును కాదు. నీరు ఎక్కడ పోవుచున్నదో మొదట కాలువ వెంట నడచి చూడవలెను. నీవు నడువుము, నేను వ్రాసికొందును."

నడచుటకు ముందు, అసలు పారుచున్నది ఏమియో వారిరువురును మాటలాడుకొనిరి. వైఫై యనగా రేడియో తరంగము. అట్టి తరంగములున్నవని హెర్జ్ అను జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు 1888వ సంవత్సరమునాటికి ప్రయోగపూర్వకముగా నిరూపించెను. 1895వ సంవత్సరమున మన జగదీశచంద్ర బోసుగారు కలకత్తాలో అంతకంటె పొట్టి తరంగములను పుట్టించి, గోడల నుండి దాటించి, దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చి చూపిరి. తీగ లేకయే గోడ దాటు విద్య ఈ దేశమున ఆనాడే ప్రదర్శింపబడినది. యంత్రములు ఈ తరంగములతో పరస్పరము మాటలాడుకొనుటకు వలయు నియమములు 1997వ సంవత్సరమున ఏర్పడెను. వైఫై అను పేరు 1999లో పుట్టెను.

తాతగారి యౌవనమున ఇంటిలో రేడియో పెట్టుకొన్నవారు తపాలా కార్యాలయమున రుసుము చెల్లించి లైసెన్సు పొందవలసి యుండెడిది. ఆ చిన్న పుస్తకము ఇంకను వారి పెట్టెలో నున్నది. వైఫై వాడు 2.4 గిగాహెర్ట్జుల తరంగములను స్వల్పశక్తితో వినియోగించుటకు లైసెన్సు అక్కరలేదని భారత ప్రభుత్వము 2005వ సంవత్సరమున నియమము చేసెను. నేడు ఇంటింటను ఒక ప్రసార కేంద్రముండుటకు అదియు నొక కారణము.

ఈ తరంగములు ముఖ్యముగా రెండు తరగతులవి. 2.4 గిగాహెర్ట్జులది సుమారు పండ్రెండు సెంటీమీటర్ల పొడవు గలది. 5 గిగాహెర్ట్జులది సుమారు ఆరు సెంటీమీటర్లది. పొట్టిది ఎక్కువ సమాచారమును వేగముగా మోయును గాని, గోడలు దాటునప్పుడు త్వరగా అలసిపోవును. పొడవైనది కొంత నెమ్మదిగా నడచినను దూరము పోవును. చెక్క తలుపు వీనికి పెద్ద అడ్డు కాదు. మందమైన ఇటుక గోడ కొంత శక్తిని హరించును. నీరు మరింత హరించును. లోహపు రేకు దాదాపు వెనుకకే త్రిప్పిపంపును; ఇనుప బీరువా వెనుకను, రసము పూసిన పెద్ద అద్దము వెనుకను వైఫై తగ్గుటకు ఇదియే హేతువు. అడ్డేమియు లేకున్నను, దూరము రెట్టింపైనచో బలము నాలుగవ వంతునకు పడిపోవును.

మరునాడు ఉదయమున పరిశీలన మొదలయ్యెను. మనుమరాలు ఫోనులో సంకేతబలమును కొలుచు సాధనము నొకదానిని అమర్చుకొనెను. అది బలమును గీతలలోగాక అంకెలలో చూపును. ఆ అంకెలు ఋణసంఖ్యలు. సున్నకు దగ్గరగా నున్నకొలది బలము హెచ్చు. మూడు తగ్గినచో బలము సగమగును. పది తగ్గినచో పదియవ వంతగును. తాతగారు మంచముపై కూర్చుండి అట్టపై ఇంటి పటమును గీసిరి. మనుమడు పరుగెత్తి వచ్చి ఒక్కొక్క చోటి అంకెను చెప్పుచుండెను. హాలులో -45. వంటింటిలో -58. వసారా నడుమ -64. పశువులసాల వెనుక -81. తాతగారి గదిలో -88.

తాతగారు పెన్సిలు చెవిపై పెట్టుకొని, "హాలునకును ఈ గదికిని భేద మెంత?" అని అడిగిరి.

"నలుబది మూడు."

"పది చొప్పున నాలుగు సారులు దిగినచో ఎంత?"

"పదివేలవ వంతు."

"మిగిలిన మూడునకు?"

ఆమె క్షణ మాలోచించి, "దానిలో సగము. అనగా ఇరువదివేలవ వంతు!" అని ఆశ్చర్యపడెను. హాలులో ఇరువదివేల పాళ్లున్న బలము ఈ గదికి వచ్చుసరికి ఒక పాలుగా మిగులుచున్నది. అంత కొంచెమును పట్టుకొని మాటలు వినిపింప జూచిన ఆ చిన్న యంత్రముపై ఆమెకు కోపము పోయి జాలి కలిగెను.

తాతగారు పటముపై వ్రేలుంచిరి. "మూడు మందపు గోడలు దాటి వసారాకు వచ్చుసరికి తగ్గినది పందొమ్మిది. పశువులసాల ఒక్కటి దాటుసరికి తగ్గినది పదునేడు. సాలకును ఈ గదికిని నడుమ నున్న ఖాళీచోటున తగ్గినది ఏడు మాత్రమే. మన దొంగ ఎవడు?"

మనుమడు ముందుగా, "పశువులసాల!" అని కేకవేసెను. నిజమే. రెండేండ్ల క్రిందట తాటాకు కప్పు తీసివేసి సాలకు జింకు రేకులు వేయించిరి; వానజల్లు కొట్టకుండ పడమటి వైపునను రేకులనే బిగించిరి. ఆ రేకులగోడ హాలునకును పెరటి గదికిని సరిగా నడుమ నిలిచి యుండెను. కాలువకు అడ్డముగా కట్టిన గట్టు వంటిదది. ఖరీదైన క్రొత్త రౌటరు కాలువ మొదట నీరు పెంచినది. గదిలోని రిపీటరు ఎండిన శివారున తూము కట్టినది. అడ్డుకట్ట సంగతి ఎవ్వరును చూడలేదు.

అంతట మనుమరాలు వసారా అంతయు తిరిగి చూచెను. దక్షిణపు కొసన నిలిచినచో సాలకును నూతికిని నడుమగా తాతగారి గది కిటికీ స్పష్టముగా కనబడును. అచ్చట సంకేతబలము -66. రిపీటరును గదినుండి తీసి ఆ కొసన ఎత్తుగా తగిలించిరి. ఇప్పుడు తాతగారి మంచముకడ ఫోను -68 చూపెను. రిపీటరునకు చక్కగా వినబడుచున్నది. అది పలుకునది గదికి సూటిగా చేరుచున్నది. ఆ సాయంకాలము అమెరికానుండి కుమార్తె తెరపై కనబడి, "నాన్నా, కాలు నొప్పి తగ్గినదా?" అని అడిగెను. ఎనుబదియేండ్లకు చేరువైన ఆ వృద్ధుడు కాలు ఎత్తి చూపి నవ్విరి.

అయినను పని ముగియలేదు. రిపీటరునకు చెవియు నోరును ఒక్కటియే. రౌటరు చెప్పినది విన్నంతసేపు అది పలుకలేదు, పలుకునంతసేపు వినలేదు. ప్రతి మాటకును రెండు వంతుల కాలము పట్టుటచే వేగము సుమారు సగమగును. అంతకంటె పెద్ద చిక్కు వర్షాకాలమున కలిగెను. సాలకును నూతికిని నడుమనున్న ఆ సందులోనికి అరటియాకులు వంగి యుండెను. ఎండలో అవి అంతగా అడ్డు కాలేదు. వాన కురిసి ఆ వెడల్పాటి ఆకులు తడిసినప్పుడు, కాయమునంతయు నీరు నింపుకొన్న ఆ గుబురు తరంగములను మ్రింగివేయుచుండెను. వాననాడే తాతగారు పెరడు దాటలేరు. వాననాడే మాట తెగిపోవుచుండెను.

"రెండు గెలలు దిగిన పిలకలను నరికివేసినచో సరిపోవును" అని తండ్రి అనెను. తాతగారు కిటికీవైపు చూచి మిన్నకుండిరి. కోడలు ఆ మౌనమును గ్రహించి, "చెట్టును కదల్చ నక్కరలేని ఉపాయము చూడుడు" అని భర్తతో చెప్పెను.

ఆ ఉపాయము భూమిలో నుండెను. గాలిలో పోలేనిచోట తీగపై పోవలెను. సామాన్యమైన రాగితీగ నూరు మీటర్లవరకు ఈ సంకేతమును చక్కగా మోయగలదు. ఇచ్చట దూరము నలుబది మీటర్లే. కాని తీగలు వేయుటకు వచ్చిన పనివాడు పెరటిలో తల మాడిన ఒక కొబ్బరిచెట్టును చూచి, "ఇది పిడుగు పడినది కాదా?" అని అడిగెను. మూడేండ్ల క్రిందట పడినదే. "అయినచో రాగి వలదు. రెండు కట్టడములను కలుపు రాగితీగ పిడుగుల వేళ విద్యుత్తును ఒకచోటినుండి వేరొక చోటికి తెచ్చి యంత్రములను మాడ్చగలదు. లోపల లోహపు తీగ లేని ఫైబరు వేయుదము" అని అతడు సలహా ఇచ్చెను. ఫైబరు గాజుతో చేసిన సన్నని దారము. దానిలో పోవునది విద్యుత్తు కాదు, వెలుగు. కావున మెరుపు దానిని అంటదు. రెండు కొసలందును వెలుగును విద్యుత్సంకేతముగా మార్చు చిన్న పెట్టెలుండిన చాలును.

ఆదివారమునాడు ఇంటిల్లిపాదియు పెరటిలో చేరిరి. తండ్రి పలుగుతో త్రవ్వెను; పిల్లలు మట్టి తీసిరి; తల్లి మజ్జిగ తెచ్చి యిచ్చెను. మూరెడు లోతున కందకము త్రవ్వి, ప్లాస్టిక్ గొట్టము పరచి, అందులో ఫైబరును దూర్చిరి. నూతికడ మలుపు తిరుగవలసిన చోట మనుమడు గొట్టమును మూలమట్టముగా వంచబోగా పనివాడు వారించెను. ఫైబరును ఒక్కసారిగా మడచినచో లోపలి వెలుగు గాజునుండి జారిపోవును; గుండ్రముగా త్రిప్పవలెను. తాతగారు వాకిట కుర్చీలో కూర్చుండి, బోదె త్రవ్వించు లస్కరువలె ఆజ్ఞలిచ్చుచుండిరి.

సాయంకాలమునకు తాతగారి గదిలో చిన్న వైఫై పెట్టె వెలిగెను. హాలులోని దానికి పెట్టిన పేరును రహస్యపదమునే దీనికిని పెట్టిరి. అందుచే ఫోను హాలునుండి గదికి నడచునప్పుడు తనంతట తానే ఈ పెట్టెకు మారును. రెండును ఒకే మార్గమున పలికినచో కలగాపులగమగును గనుక, ఒకదానికి 1వ మార్గమును, రెండవదానికి 6వ మార్గమును ఏర్పరచిరి. ఆ రాత్రి కుండపోతగా వాన కురిసెను. కుమార్తె ముఖము తెరపై చెదరక నిలిచెను. పెరటిలో అరటియాకులపై పడు వానచప్పుడు ఆమెకు అమెరికాలో వినబడెను. "అమ్మ నాటిన అరటియేనా నాన్నా?" అని ఆమె అడిగెను. తాతగారు ఫోనును కిటికీవైపు త్రిప్పి చాలసేపు అట్లే పట్టుకొనిరి.

పిల్లలును మరల పెరటి గదికి వచ్చుట మొదలుపెట్టిరి. గోడకు చేరవేసిన పీటలు రెండును తాతగారు తుడిచి వాల్చిరి. మనుమరా లొక పీటపైనను మనుమ డొక పీటపైనను కూర్చుండిరి. ఆమె చేతిలో ఒక ఫోను. అతని చేతిలో ఒక ఫోను. ఒక దినము గడచెను, రెండు దినములు గడచెను. తాతగారు వారిని చూచుచు, పుస్తకము తెరచి, మరల మూయుచుండిరి. ఒక్క మాటయు అనలేదు.

నాలుగవ నాటి సాయంకాలము మనుమరాలు తల యెత్తి చూచుసరికి తాతగారు కుర్చీలోనే నిద్రించుచుండిరి. భారతకథల పుస్తకము ఒడిలోనుండి జారుచుండెను. ఆమె లేచి దానిని పట్టుకొనెను. తెరచియున్న పుట అంచున పెన్సిలుతో వ్రాసిన తేదీ కనబడెను. అది 2020వ సంవత్సరము మార్చి నెలలోనిది. ఆ తరువాతి పుటలను త్రిప్పి చూచెను. ఎచ్చటను తేదీ లేదు. ఎన్నో సారులు చదివిన పుస్తకమే యైనను, వారు పిల్లలు ఆపిన చోటు దాటి ఒక్క పుటయైనను ముందునకు పోలేదు.

ఆమె తమ్ముని చేతిలోని ఫోనును మెల్లగా తీసికొని, తన ఫోనుతో పాటు కిటికీలో నుంచెను. గోడకడకు పోయి వైఫై పెట్టె స్విచ్చిని ఆర్పెను. "తాతయ్యా, ఇక్కడినుండి చదువుదునా?" అని అడిగెను.

తాతగారు కనులు తెరచి పుటను, ఆమెను, ఆరిపోయిన దీపమును చూచిరి. కంఠము సవరించుకొని, "చదువమ్మా" అనిరి. కొంతసేపటికి, "దీనిని ఎల్లప్పుడును ఆర్పవలదు. మీ అత్త రావలెను. నీ పాఠములు రావలెను. కాలువకు వంతు ఉన్నట్లు దీనికిని వంతు పెట్టుదము. డెల్టా రైతునకు నీరు తెచ్చుకొనుట ఒక్కటియే విద్య కాదు. నిలిచిన మురుగును తీయుట రెండవ విద్య. మొదటిది రానివాని చేను ఎండును, రెండవది రానివాని చేను కుళ్లును" అని చెప్పిరి.

నాటినుండి ఆ గదిలో ఏడు గంటలకు దీప మారును. ఎనిమిది గంటలకు మరల వెలుగును. ఆ నడుమ ఒక గంటసేపు పుస్తక మొకరి చేతినుండి ఒకరి చేతికి మారుచుండును. ఇంటి పటమును, అందలి అంకెలను వ్రాసిన అట్ట తాతగారి మంచముపై గోడకు నేటికిని అంటింపబడి యున్నది. చూడవచ్చిన వారికి మనుమరాలు దానిని చూపి, కొనుటకు ముందు కొలువవలెనని చెప్పును. పుస్తకపు పుటల అంచులలో తేదీలు మరల వరుసగా పడుచున్నవి.